పండ్లు కోసేవాళ్ళు లేని ఊళ్ళోకి ఎలుగుబంట్లు: జపాన్‌లో అసలేం జరుగుతోంది?

జపాన్‌లో ఏటా డిసెంబరులో ఒక ముచ్చట ఉంటుంది. గడిచిన ఏడాదిని ఒకే ఒక్క అక్షరంలో చెప్పాలంటే ఏది రాయాలి అని జనాన్ని అడుగుతారు. ఎక్కువమంది పంపిన అక్షరాన్ని క్యోటోలోని కియోమిజు ఆలయంలో పెద్ద స్వామివారు అందరూ చూస్తుండగా కుంచెతో రాస్తారు. 2022లో ‘యుద్ధం’ వచ్చింది. 2023లో ‘పన్ను’, 2024లో ‘బంగారం’. 2025లో వచ్చిన అక్షరం ‘ఎలుగుబంటి’.

సరదాకి ఎంచుకున్న అక్షరం కాదది. 2025 ఏప్రిల్ మొదలు ఆ ఏడాది ముగిసేలోగా ఎలుగుబంట్ల దాడుల్లో 13 మంది చనిపోయారు. గాయపడినవాళ్ళను కూడా కలుపుకుంటే లెక్క 200 దాటింది. అంతకుముందు ఇంత ఘోరం 2023–24లో జరిగింది. అప్పుడు 219 మంది దాడులకు గురైతే ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి మరణాలు రెట్టింపు దాటాయి.

ఈ వార్తలు మన ఫోన్ల దాకా వచ్చేసరికి వింతవార్తలైపోయాయి. సూపర్‌మార్కెట్లో దూరిన ఎలుగు, ఎలుగుల మీదికి సైన్యం, కళ్ళు ఎర్రగా వెలిగించి అరిచే తోడేలు రోబో. ఆ రోబో నిజమే, హొక్కైదో దీవిలోని తకికావా పట్టణంలో 2020లోనే నిలబెట్టారు. చూసి నవ్వుకున్నాం, పక్కవాళ్ళకు పంపాం, మరిచిపోయాం. ఆ వీడియోల్లో కనపడనిది ఒకటుంది. ఎలుగు వచ్చిన ఆ వీధిలో మనుషులు ఎంతమంది మిగిలారన్నది.

అకితా అనే చోటు

జపాన్ పెద్ద దీవి హోన్షూకు ఉత్తరపు కొసన తోహోకు ప్రాంతం ఉంది. అందులో పడమటి సముద్రం వైపున్న ప్రిఫెక్చర్ అకితా. ప్రిఫెక్చర్ అంటే మన లెక్కలో జిల్లాకు ఎక్కువ, రాష్ట్రానికి తక్కువ. గవర్నరూ శాసనసభా ఉంటాయి. వరిపొలాలు, వెనక కొండలు, శీతాకాలం మోకాళ్ళ లోతు మంచు. 1950ల మధ్యలో అక్కడి జనాభా 13 లక్షలు దాటింది. ఇప్పుడు 9 లక్షలు కూడా లేదు. ఉన్నవాళ్ళలో ప్రతి పదిమందికి దాదాపు నలుగురు 65 ఏళ్ళు దాటినవాళ్ళే. జపాన్ మొత్తం మీద ఇంత వయసు మీరిన ప్రిఫెక్చర్ మరొకటి లేదు.

2023–24లో దాడులకు గురైన 219 మందిలో 70 మంది ఈ ఒక్క అకితావాళ్ళే. 2025 మరణాల్లో ఎక్కువ భాగం అకితా, దాని పక్కనున్న ఇవాతే ప్రిఫెక్చర్లలోనివే. 2025లో అకితాలో ఎలుగు కనపడిందని వచ్చిన కబుర్లు నవంబరు మొదటికే 8 వేలు దాటాయి. అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు ఆరు రెట్లు.

ఇక్కడి ఎలుగు నల్ల ఎలుగు. రొమ్ము మీద తెల్లని నెలవంక మచ్చ ఉంటుంది కనుక జపనీయులు దాన్ని ‘చంద్రవంక ఎలుగు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. హొక్కైదోలో ఉండేది వేరు, అది గోధుమరంగు ఎలుగు, ఇంకా భారీ శరీరం. నల్ల ఎలుగు హోన్షూ అంతటా ఉంది, షికోకు దీవిలో పాతికకు అటూ ఇటూగా మిగిలింది, క్యూషూలో అంతరించిపోయింది. కాబట్టి ‘జపాన్‌లో ఎలుగుల బెడద’ అన్న మాట దేశమంతటికీ వర్తించదు. ఒక కొసన ఎలుగు లేకుండా పోయింది, ఇంకో కొసన వంటగదిలోకి వస్తోంది. వంటగది అన్నది మాటవరసకు అన్నది కాదు. 2025 జులైలో ఇవాతేలోని కితాకామిలో 81 ఏళ్ళ పెద్దావిడ తన ఇంట్లోనే, హాల్లోనే ఎలుగు దాడికి బలైపోయింది.

కాకి పండు కథ

ఎందుకొస్తున్నాయి? ముందుగా చెప్పే కారణం అడవిలో తిండి. తోహోకు కొండల్లో ‘బునా’ అనే పెద్ద చెట్టు విస్తారంగా ఉంటుంది. దాని గింజలు ఎలుగుకు చలికాలపు నిద్రకు ముందు ఒళ్ళు పెంచుకునే తిండి. ఈ చెట్టు మామిడి కంటే మొండిది. కొన్నేళ్ళకోసారి విరగకాస్తుంది, మిగతా ఏళ్ళలో అరకొరగానో, అసలు లేకుండానో సరిపెడుతుంది. పైగా ఒక ప్రాంతంలోని చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి కాస్తాయి, ఒకేసారి ఎగ్గొడతాయి. 2023లో కాపు పోయింది. 2025లో తోహోకులోని ఐదు ప్రిఫెక్చర్లలోనూ పోయింది. రెండూ రక్తం చిందిన ఏళ్ళే. లెక్క సరిపోయింది కదా అని చాలామంది విశ్లేషణ ఇక్కడే ఆపేస్తారు.

కానీ బునా చెట్టు ఇప్పుడు కొత్తగా మొండికేయలేదు. వందల ఏళ్ళుగా దాని తీరే అది. కాపు లేని ఏడు మా తాతల కాలంలోనూ ఉంది, వాళ్ళ తాతల కాలంలోనూ ఉందని అక్కడి కొండ ఊళ్ళవాళ్ళకు తెలుసు. ఏ ఏడాది ఎలుగులు ఎక్కువగా దిగుతాయో బునా చెబుతుంది. దిగినవి తిరిగి కొండ ఎందుకు ఎక్కడం లేదో అది చెప్పదు.

అడవి తగ్గిపోయింది కాబట్టి వస్తున్నాయి అన్నది రెండో మాట. మనకు వినడానికి న్యాయంగా ఉంటుంది, ఎందుకంటే మన దగ్గర చాలాచోట్ల అదే కథ. జపాన్‌లో అది అంతగా నిలవదు. ఆ దేశంలో మూడింట రెండు వంతుల నేల అడవే, చాలా దశాబ్దాలుగా ఆ విస్తీర్ణం తగ్గలేదు. ఆ అడవిలో పదింట నాలుగు వంతులు యుద్ధం తర్వాత కలప కోసం వరసగా నాటిన దేవదారు జాతి చెట్లు, వాటి కింద ఎలుగుకు తిండి దొరకదు అన్నది మాత్రం నిజం. అయినా నల్ల ఎలుగుల సంఖ్య తగ్గడం లేదు. ప్రభుత్వ అంచనా ప్రకారం ఇప్పుడు 40 వేలకు పైనే ఉన్నాయి. 2003 నుంచి 2018 లోపు అవి తిరిగే ప్రాంతం సుమారు 1.4 రెట్లు పెరిగింది. చోటు చాలక తోసుకొచ్చిన జంతువు కాదిది. ఖాళీ అయిన చోటుకి నడిచి వచ్చిన జంతువు.

ఆ ఖాళీ ఎలా వచ్చిందో చూడాలంటే ఒక పండ్ల చెట్టు దగ్గర నిలబడాలి. జపాన్ పల్లెల్లో ప్రతి పెరట్లోనూ ఒక చెట్టు ఉంటుంది, పండు పేరు ‘కాకి’. వింటే మనకు నవ్వొస్తుంది గానీ వృక్షశాస్త్రం ప్రకారం మన తునికికి దగ్గర చుట్టం. బీడీ ఆకు కోసే తునికి చెట్టు, ఈ కాకి చెట్టు ఒకే కుటుంబంలో ఒకే ప్రజాతి. చెన్నై, బెంగళూరు పెద్ద పండ్ల దుకాణాల్లో పెర్సిమన్ అని అమ్మేది ఇదే. నారింజ రంగులో ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకులు రాలి చెట్టు నిండా పండ్లే వేలాడతాయి. కొన్ని రకాలు పచ్చిగా తింటే నాలుక పట్టేస్తుంది, తొక్క తీసి దారాలకు కట్టి చూరు కింద ఎండబెట్టి తినాలి. అంటే పని ఉంది. నిచ్చెన ఎక్కాలి, కోయాలి, వలవాలి, కట్టాలి.

ఆ పని చేసే ఇల్లాలికి 85 ఏళ్ళు వస్తే నిచ్చెన ఎక్కదు. ఆమె పోయాక ఇల్లు మూతపడుతుంది. పిల్లలు టోక్యోలోనో సెందాయ్‌లోనో ఉంటారు. చెట్టుకి ఈ సంగతులేవీ పట్టవు, ఏటా కాస్తుంది. 2023 లెక్కల్లో జపాన్ మొత్తం మీద ఖాళీ ఇళ్ళు 90 లక్షలని తేలింది. వాటిలో పెరళ్ళున్నవి ఎన్నో, ఆ పెరళ్ళలో కాకి చెట్లున్నవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎలుగు మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఒక శరత్కాలం ఏ చెట్టు కింద కడుపు నిండిందో తల్లి ఎలుగుకి తెలుసు, వెనకాలే నడిచిన పిల్లలకూ తెలుస్తుంది. బునా బాగా కాసిన ఏడు కూడా ఆ పిల్లలు దారి మరిచిపోవు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 1960ల దాకా ఊరికీ దట్టమైన అడవికీ మధ్య ఒక పట్టీ ఉండేది. వంటచెరకు, బొగ్గు, పశువుల గడ్డి, ఎరువుకు ఆకు, అన్నీ అక్కడినుంచే. జపనీయులు దాన్ని ‘సతోయామా’ అంటారు, ఊరికొండ అనుకోవచ్చు. రోజూ మనుషులు కొడవళ్ళతో, కుక్కలతో తిరిగే చోటు. ఎలుగుకి దాగడానికి పొద ఉండేది కాదు. గ్యాసు బండ వచ్చాక, సంచుల్లో ఎరువు వచ్చాక ఆ పట్టీకి మనిషి వెళ్ళే అవసరం పోయింది. గడ్డి పొద అయింది, పొద అడవి అయింది, అడవి ఊరి గోడకి ఆనుకుంది. కంచె ఎవరూ తీసేయలేదు. ఆ రోజుల్లో కంచె అంటే మనుషుల తిరుగుడే కాబట్టి, తిరుగుడు ఆగిన రోజే కంచె పోయింది.

తుపాకీ ఎవరి చేతిలో?

2024 నవంబరు చివర్లో అకితా నగరంలో ఒక ఎలుగు సూపర్‌మార్కెట్లో దూరింది. లోపలున్న ఉద్యోగిని గాయపరిచింది, అందరూ బయటికి పరిగెత్తారు, అది రెండు రోజులకు పైగా లోపలే ఉండిపోయింది. చివరికి తేనె పూసిన ఎరలతో బోనులో పట్టారు. అన్ని గంటలు ఎందుకు పట్టిందని మనం అడుగుతాం. చట్టం అలా ఉండేది. ఇళ్ళ మధ్య తుపాకీ పేల్చకూడదు. ఎలుగు మనిషి మీదికి వచ్చే క్షణంలో పోలీసు అధికారి ఆదేశిస్తేనే వేటగాడు కాల్చవచ్చు.

2025 సెప్టెంబరు 1 నుంచి ఆ చట్టం మారింది. ఇప్పుడు ఊరి మేయరు స్థాయిలోనే ‘అత్యవసర కాల్పు’కి అనుమతి ఇవ్వవచ్చు. ఎలుగు జనావాసంలోకి వచ్చి ఉండాలి లేదా రాబోతూ ఉండాలి, ప్రమాదం తక్షణం ఆపాల్సినదై ఉండాలి, బోను వంటి ఇతర దారులు పనికిరాకపోవాలి, తూటా మనుషులకు తగిలే భయం ఉండకూడదు. ఈ నాలుగూ కుదరాలి. దారులు మూయించడం, జనాన్ని ఖాళీ చేయించడం స్థానిక సంస్థ పని. గోడకో కారుకో నష్టం వస్తే పరిహారం కూడా అదే ఇవ్వాలి.

ఈ మార్పు అవసరమే. రెండు రోజులు ఒక నగరం దుకాణం ముందు కాపు కాయడం ఎవరికీ మంచిది కాదు. అయితే అనుమతి కాగితం మేయరు సంతకం చేస్తారు, గురి చూసేది ఎవరు? జపాన్ పోలీసులు అప్పటిదాకా ఎలుగు మీద రైఫిల్ వాడేవారు కాదు. గురి చూడాల్సింది ఊళ్ళోని వేటగాళ్ళ సంఘం సభ్యుడు. 1975 ప్రాంతంలో దేశంలో 5 లక్షలకు పైగా వేట లైసెన్సులు ఉండేవి. ఇప్పుడు అందులో సగం కూడా లేవు, ఉన్నవాళ్ళలో సగానికి పైగా అరవై దాటినవాళ్ళు. వాళ్ళు జీతం తీసుకునే సిబ్బంది కారు. రైతులు, పింఛనుదార్లు, దుకాణదార్లు.

2024లో హొక్కైదోలోని నాయే అనే చిన్న పట్టణంలో వేటగాళ్ళ సంఘం ఎలుగుల పనికి రామని తేల్చిచెప్పింది. పట్టణం ఇస్తామన్నది రోజుకి 8,500 యెన్లు, కాల్పు జరిపిన రోజున 10,300. మన డబ్బుల్లో మొదటిది ఐదు వేల రూపాయల లోపే. గోధుమ ఎలుగుకి ఎదురుగా నిలబడడానికి ఆ కూలి. అదే దీవిలోని సునగావాలో ఇంకో వేటగాడి అనుభవం అంతకంటే చేదు. 2018లో పట్టణం పిలిస్తే వెళ్ళి, పోలీసు పక్కనుండగానే ఎలుగును కాల్చాడు. తూటా ఇళ్ళ వైపు వెళ్ళే వీలుందంటూ తర్వాత ఆయన తుపాకీ అనుమతి రద్దు చేశారు. 2021లో కింది కోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది, 2024 అక్టోబరులో హైకోర్టు దాన్ని తిరగేసింది, కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. పిలిస్తే వెళ్ళినవాడు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగడం చూశాక మిగతా వేటగాళ్ళు ఎంత హుషారుగా ముందుకొస్తారో ఊహించుకోవచ్చు.

2025 అక్టోబరు చివరికి అకితా గవర్నరు కెంతా సుజుకి, స్వయంగా ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవారు, ఇక మా వల్ల కాదని రక్షణ శాఖ తలుపు తట్టారు. నవంబరు 5న సైనికులు కజునో పట్టణానికి వచ్చారు. నెలాఖరు దాకా ఉన్నారు. వాళ్ళు ఒక్క ఎలుగునూ కాల్చలేదు, కాల్చే అధికారం లేదు. ఇనుప బోనులు మోశారు, పెట్టారు, వేటగాళ్ళను బండ్లలో తిప్పారు, చనిపోయిన ఎలుగులను తరలించారు. బరువులు మోయడానికి సైన్యం ఎందుకు అని నవ్వినవాళ్ళున్నారు. ఆ ఊళ్ళలో ఇనుప బోను ఎత్తడానికి నడుములు బాగున్న నలుగురు ఒకచోట దొరకడమే కష్టమైపోయింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే దిగులు పుట్టించే సంగతి అదే, దాడుల లెక్క కంటే కూడా.

తర్వాత నిబంధనలు మార్చి రైఫిళ్ళున్న పోలీసు బృందాలను నవంబరు మధ్యలో అకితా, ఇవాతేలకు పంపారు. వేట లైసెన్సు ఉన్నవాళ్ళను ప్రభుత్వోద్యోగులుగా తీసుకునే పథకం, మాజీ సైనికులనూ మాజీ పోలీసులనూ పిలిచే ఆలోచన కూడా ప్రకటించారు. చంపడం తక్కువేమీ జరగలేదు. 2023–24లోనే దేశంలో 9 వేలకు పైగా ఎలుగులను చంపారు, అందులో అకితా వాటా 2 వేలకు పైనే. అంత చంపిన రెండేళ్ళకే 2025 వచ్చింది.

ఇదే అకితాలో, కొండల్లోని అని అనే చోట, ‘మతాగి’ అనే వేటగాళ్ళ సంప్రదాయం ఉంది. ఎలుగును కొండదేవత ఇచ్చిన కానుకగా చూస్తారు. వసంతంలో మంచు ఉండగానే గుంపుగా వెళ్ళేవారు, కొద్దిగా కొట్టేవారు, తంతులు జరిపేవారు. ఎలుగు పిత్తాశయానికి మందుగా గొప్ప ధర ఉండేది. ఆ వేటలో ఎలుగుకి ఒక పాఠం కూడా అందేది, మనిషి వాసన వస్తే తప్పుకోవాలని. ఇప్పటి బోను ఆ పాఠం నేర్పదు. దొరికిన ఎలుగు చచ్చిపోతుంది, చూసి నేర్చుకునేది ఏదీ మిగలదు.

ఎలుగును చంపిన ప్రతిసారీ ఫోన్లు మోగుతాయి. 2023 అక్టోబరులో అకితాలోని మిసాతోలో ఒక తల్లి, రెండు పిల్లలు చాపలు నేసే షెడ్డులో చొరబడ్డాయి. మూడింటినీ పట్టి చంపారు. పిల్లల్నైనా వదిలేయాల్సింది, మీకు మనసు లేదా అంటూ కార్యాలయాలకు ఫోన్ల వరద. చాలా వరకు ప్రిఫెక్చర్ బయటినుంచి, ఎలుగు ఎప్పుడూ ఎదురుపడని ఊళ్ళనుంచి. ఆ బాధ బూటకమని నేననను. కానీ ఆ ఫోన్ ఎత్తేది ఒక చిన్న ఊరి గుమాస్తా. ఆ సాయంత్రం చీకట్లో ఇంటికి నడిచి వెళ్ళాల్సింది కూడా అతనే.

ఊళ్ళో ఉండేవాళ్ళ రోజు

వసంతంలో ఎలుగులు నిద్ర లేస్తాయి. మే, జూన్ నెలల్లో కొండల్లో సన్నవెదురు మొలకలు వస్తాయి, వాటికోసం పెద్దవాళ్ళు వెళ్తారు. ఎలుగులకూ అవే ఇష్టం. 2016లో కజునో కొండల్లో అలా వెళ్ళిన నలుగురు నెలరోజుల లోపు చనిపోయారు. 2024 మేలో అక్కడే మొలకలకు వెళ్ళి తిరిగిరాని మనిషి శవాన్ని తేవడానికి వెళ్ళిన ఇద్దరు పోలీసుల మీద కూడా ఎలుగు పడింది. వెళ్ళొద్దని బోర్డులు పెడతారు, మైకుల్లో చెబుతారు, దారులు మూస్తారు. అయినా వెళ్తారు. అరవై ఏళ్ళుగా ఏటా వెళ్ళిన కొండ, చేతికొచ్చే నాలుగు డబ్బులు, పొరుగింటికి పంచే కట్ట. ఆ పెద్దవాళ్ళకు అదే ఊరితో మిగిలిన సంబంధం.

బడిపిల్లల సంచులకు గంటలు కడతారు. కొన్ని రోజులు తల్లిదండ్రులే కార్లలో దింపుతారు. ఎక్కడ ఎలుగు కనపడిందో పటం మీద చూపే ‘కుమదాస్’ అనే వ్యవస్థను అకితా 2024లో మొదలుపెట్టింది, ఫోనుకు కబురు వస్తుంది. ఫోను చూసే అలవాటు లేని పెద్దావిడకు మాత్రం వీధి మైకే దిక్కు.

మన పిల్లలు చాలామంది టోక్యో చుట్టుపక్కల ఉద్యోగాల్లో ఉన్నారు. అక్టోబరులో ఎర్రబడిన ఆకులు చూడ్డానికి కొండలకు వెళ్ళడం వాళ్ళకూ అలవాటైంది. 2025 అక్టోబరులో శిరకవాగో అనే ప్రసిద్ధ గ్రామంలో బస్టాపు దగ్గర నిలబడిన స్పెయిన్ పర్యాటకుడి మీద ఎలుగు దాడి చేసింది. టోక్యో పడమటి కొండల్లో కూడా ఎలుగులున్నాయి. కాబట్టి ఈ నాలుగు మాటలు వాళ్ళకు చెప్పడం మంచిది. ఒంటరిగా, తెల్లవారుజామున, మునిమాపున అడవి దారుల్లో తిరగవద్దు. గంటో రేడియోనో మోగుతూ ఉండాలి, ఎలుగు చాలాసార్లు శబ్దం విని తానే తప్పుకుంటుంది. పిల్ల ఎలుగు కనపడితే ఫోటో తీయడానికి ఆగవద్దు, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఎదురుపడితే పరిగెత్తవద్దు, దానికంటే వేగంగా ఏ మనిషీ పరిగెత్తలేడు. దాని మీదినుంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి అడుగులు వేయాలి. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులతో మెడ వెనక, తల కప్పుకోవాలి. ఈ ఎలుగు ముఖం మీద కొడుతుంది. అకితాలో బతికి బయటపడ్డవాళ్ళలో కళ్ళు పోయినవాళ్ళు, ముఖానికి మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళు ఉన్నారు. ‘గాయపడ్డారు’ అన్న ఒక్క మాటలో అవేవీ కనపడవు.

బరంపురం, పర్లాకిమిడి వైపున్న మన పాఠకులకు ఎలుగు కొత్త కాదు. సరిహద్దు దాటితే ఉద్దానం, అక్కడ జీడితోటల్లోకీ పనసచెట్ల కిందికీ వచ్చే ఎలుగుల కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు ఒకరిని చంపి, మరికొందరిని గాయపరిచింది. పట్టుబడ్డాక విశాఖ జూకు తరలిస్తుండగా అదీ చనిపోయింది. బళ్ళారి, హోస్పేట వాళ్ళకు 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుల అభయారణ్యం తెలుసు. మనది వేరే జాతి ఎలుగు. పరిస్థితి కూడా తలకిందులు. ఉద్దానంలో తోటలు కొండ అంచు దాకా వెళ్ళాయి, మనుషులు కిక్కిరిసి ఉన్నారు. అకితాలో మనుషులు వెనక్కి జరిగారు. రెండింటినీ కలిపి ‘మనిషికీ మృగానికీ పోరు’ అని ఒకే పేరు పెడితే రెండూ అర్థం కావు. ఒకచోట జనం ఎక్కువై వచ్చిన చిక్కుకి ఇచ్చే మందు, జనం లేక వచ్చిన చిక్కుకి పనిచేయదు.

నాగనో ప్రిఫెక్చర్‌లో కరుయిజావా అనే విడిది పట్టణం ఉంది. అక్కడ ‘పిక్కియో’ అనే సంస్థ ఎలుగు తెరవలేని చెత్తడబ్బాలు చేయించింది, ఎలుగులకు రేడియో పట్టీలు కట్టి రాత్రంతా గమనిస్తుంది, ఊళ్ళోకి వచ్చేవాటిని 2004 నుంచి శిక్షణ పొందిన కుక్కలతో తరిమేస్తుంది. చెత్త కోసం వచ్చే ఎలుగుల బెడద అక్కడ దాదాపు ఆగింది. ఈ ఉదాహరణను జపాన్ పత్రికలు తరచు చూపిస్తాయి. చూపించేటప్పుడు ఒకటి వదిలేస్తాయి. కరుయిజావా టోక్యో ధనికుల వేసవి విడిది. అక్కడ పన్ను వస్తుంది, జీతాలిచ్చి కుర్రాళ్ళను పెట్టుకోగలరు. అకితాలోని కొండ ఊరికి ఆ స్తోమతు లేదు.

అయినా అకితాలో చేయదగిన పని పెద్ద యంత్రాలతో కూడినదేమీ కాదు. వాగుల గట్ల వెంట పొదలు కొట్టాలి, ఎందుకంటే ఎలుగు ఆ చాటునే ఊళ్ళోకి వస్తుంది. తౌడు, బియ్యం ఉంచే కొట్టులకు గట్టి తలుపులు కావాలి. పండ్లు సెప్టెంబరులోనే కోసేయాలి, అక్కర్లేని చెట్టు కొట్టేయాలి. కొన్ని ఊళ్ళు చెట్టు నరికించేందుకు డబ్బు సాయం చేస్తున్నాయి, విద్యార్థులను పిలిచి పండ్లు కోయిస్తున్నాయి.

చిక్కు ఎక్కడంటే, ఆ చెట్టు ఎవరిదో తెలియాలి. ఖాళీ ఇంటి పెరట్లో యజమాని అనుమతి లేకుండా గొడ్డలి వేయకూడదు. పత్రాల్లో పేరు తాతది, తాత పోయి నలభై ఏళ్ళు, వారసులు ఎనిమిదిమంది ఎనిమిది ఊళ్ళలో. జపాన్‌లో యజమాని ఎవరో తేలని భూమి క్యూషూ దీవి కంటే పెద్దదని 2016లో ఒక అంచనా వేశారు. మూడేళ్ళలోపు వారసత్వం నమోదు చేయించుకోకపోతే లక్ష యెన్ల దాకా జరిమానా అని 2024 ఏప్రిల్ నుంచి చట్టం తెచ్చారు. తాతల ఊళ్ళో తాళం వేసిన ఇల్లు, పంచుకోని పొలం ఉన్న మన కుటుంబాలకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఊరి కార్యాలయం చేయగలిగింది వారసులకు ఉత్తరం రాయడం. మీ పెరట్లోని చెట్టు పండ్లు కోయించడానికి, లేదా నరికించడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టి పంపండి అని. కొందరు వెంటనే పంపుతారు, కొందరు అన్నదమ్ములను అడగాలంటారు, కొన్ని ఉత్తరాలు చిరునామా మారిందని వెనక్కి వస్తాయి. ఆ సంతకాలన్నీ చేరేలోపు అక్టోబరు వచ్చేస్తుంది.